మా లెక్కలో పోడు ఎక్కడ పోయింది?

మా బ్రాంచ్‌లో “కోడింగ్ అయిపోయిందా?” అని ఎవరైనా అడిగితే ల్యాప్‌టాప్ తెరిచి ప్రోగ్రామ్ చూపిస్తాం. పోయిన సెమిస్టర్లో హ్యుమానిటీస్ ఎలెక్టివ్ తీసుకున్న మా ఐదుగురికీ ఆ మాటకు ఇంకో అర్థం ఉందని తెలిసింది. మనుషులు చెప్పిన మాటల్ని రాసుకుని, వాక్యం వాక్యం చదివి, “ఇది అప్పు గురించి”, “ఇది భయం గురించి” అని పక్కన ఒక పేరు పెట్టుకుంటూ పోవడాన్ని కూడా కోడింగ్ అనే అంటారు. ఆన్సర్ షీట్ మార్జిన్లో సార్లు రాసే ఎర్ర సిరా మాటల్లాంటివన్నమాట. ఆ పేర్లన్నీ పోగేసి, ఏ పేరు కింద ఎవరెవరు ఏమన్నారో ఒకచోట చూపించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటిలో ఏది తీసుకోవాలనే దాని మీద మేం మూడు వారాలు కొట్టుకున్నాం. ఆ గొడవలో నేను ఏ పక్షమో, ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నా.

ముందు ఊరి సంగతి చెప్పాలి. మాది పినపాక మండలం. ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, 2016 దాకా ఖమ్మం. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అడవి. మణుగూరు వైపు తిరిగితే సింగరేణి బొగ్గు, 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. 1986లో 75.6 అడుగులు వచ్చాక మళ్ళీ అంత నీరు రావడం అదే. ఒడ్డున ఉన్న మా ఊళ్ళవాళ్ళు ఆ రోజుల గురించి ఇప్పుడేం చెప్తారు అన్నది మా ప్రాజెక్ట్. పందొమ్మిది మందితో మాట్లాడాం. ఫోన్ రికార్డింగులు తొమ్మిది గంటల పైచిలుకు వచ్చాయి. ఊళ్ళ పేర్లు ఇక్కడ రాయట్లేదు. ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది.

ఇంటర్వ్యూలు ఒక్కటి కూడా టైప్ చేయకముందే సాఫ్ట్‌వేర్ గొడవ మొదలైంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు కదా, అచ్చం అదే. మా టీమ్‌లో ఒకడు ఎన్‌వివో కావాలన్నాడు, ఇంకొకామె అట్లాస్ టీఐ అంది, మూడోవాడు మాక్స్‌క్యూడీఏ డెమో వీడియో చూసి వచ్చాడు. మూడూ పెద్ద పేర్లే, కాదనను. ఎన్‌వివో పుట్టుక కథ అయితే మనలాంటి వాళ్ళకి భలే నచ్చుతుంది. 1981 ప్రాంతంలో మెల్‌బోర్న్‌లోని లా ట్రోబ్ యూనివర్సిటీలో లిన్ రిచర్డ్స్ అనే సోషియాలజిస్ట్ తన ఫీల్డ్ నోట్సు కుప్పలతో అవస్థ పడుతుంటే, కంప్యూటర్ తెలిసిన ఆమె భర్త టామ్ రిచర్డ్స్ ప్రోగ్రామ్ రాసిచ్చాడు. దాని వంశంలోదే 1999లో వచ్చిన ఎన్‌వివో. అట్లాస్ టీఐ బెర్లిన్ టెక్నికల్ యూనివర్సిటీ ప్రాజెక్ట్‌గా మొదలైంది. ఏళ్ళ తరబడి పోటీ పడ్డ ఈ రెండూ 2024 నుంచి లూమివెరో అనే ఒకే కంపెనీ చేతిలో ఉన్నాయి. మన పనంతా ఒక కంపెనీ ఫైల్ ఫార్మాట్‌లో పెట్టేసుకునే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

డబ్బు మాటకొస్తే మా దగ్గర లేదు. రెండు వారాల ట్రయల్ తీసుకుందాం అన్నారు. సరే, తీసుకుంటాం. రికార్డింగులు విని టైప్ చేయడానికే మాకు ఐదు వారాలు పట్టింది. ట్రయల్ నడుస్తున్న రోజుల్లో అందులో వేయడానికి మా చేతిలో రెండంటే రెండు ఇంటర్వ్యూలు ఉండేవి.

అప్పుడు మాలో మెషిన్ లెర్నింగ్ బాగా వచ్చినవాడు, “ఇవన్నీ ఎందుకురా, పైథాన్ ఉంది కదా” అన్నాడు. ఆ మాటకి నేను కూడా చప్పట్లు కొట్టినవాణ్ణే. సైకిట్‌లెర్న్‌లో కౌంట్‌వెక్టరైజర్ పెట్టి, మాటలు లెక్కపెట్టి, ఎక్కువసార్లు వచ్చిన మాట పెద్ద అక్షరాల్లో కనపడేలా బొమ్మ గీశాడు. మొదటి రివ్యూకి ఆ బొమ్మనే పోస్టర్ మీద వేశాం. నడిమధ్యలో ఇంత పెద్దగా “వరద”. చుట్టూ “పడవ”, “వర”, “పట”, “అడవ”, “ఎకర”. ప్యానెల్ సార్ బాగుందన్నారు. “వర అంటే ఏంటి?” అని ఒక్కరు మాత్రం అడిగారు. “అదే సార్, వరి” అని చెప్పేశాం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. “వర” గురించి కాదు. పందొమ్మిది మందిలో పోడు గురించి మాట్లాడనివాళ్ళు ఇద్దరో ముగ్గురో. ప్రశ్న గోదావరి మీద అడిగితే జవాబు తిరిగి తిరిగి పోడు దగ్గరకే వచ్చేది. కింద పొలం నీళ్ళల్లో పోయింది, పైన పోడు ఒక్కటే మిగిలింది, దానికి కాయితం లేదు: ఇదీ మేం విన్న కథ. మరి పోస్టర్ మీద పోడు ఏది?

మీరూ ఇలాంటి పనులు చేస్తుంటారు కాబట్టి కొంచెం విడమరిచి చెప్తాను. కౌంట్‌వెక్టరైజర్ దేన్ని మాట అనుకోవాలో ఒక ప్యాటర్న్ చెప్తుంది: రెండు లేదా అంతకన్నా ఎక్కువ అక్షరాలు పక్కపక్కన ఉండాలి. పైథాన్ దృష్టిలో ప, డ లాంటి హల్లులు అక్షరాలే. ఓత్వం, కొమ్ము, గుడి, దీర్ఘం, సున్న, ఒత్తు కోసం వాడే పొల్లు, ఇవేవీ అక్షరాలు కావు. అవి యూనికోడ్‌లో “గుర్తులు” అనే వేరే జాతి. కాబట్టి గుర్తు ఎక్కడొస్తే అక్కడ మాట తెగిపోతుంది. పోడులో ప తర్వాత ఓత్వం, డ తర్వాత కొమ్ము. మిగిలేవి ఒంటరి ప, ఒంటరి డ. ఒంటరి అక్షరాలని ప్యాటర్న్ పారేస్తుంది. పోడు గుర్తు తెలియకుండా పోయింది. భూమి పోయింది. కాయితం పోయింది. గొడ్లు, బియ్యం, ముంపు, మిర్చి, అన్నీ పోయాయి. గోదారి పోయింది! పుస్తక భాషలో “గోదావరి” అన్నవాళ్ళ దగ్గర మాత్రం చివర్న “వర” మిగిలింది. వరిలోనూ మిగిలేది అదే “వర”. అంటే మేం ప్యానెల్‌కు చూపించిన ఆ మాటలో పంటా ఉంది, పంటను ముంచిన నదీ ఉంది. పట్టా “పట” అయింది. అడవి “అడవ” అయింది. మరి “వరద” ఎందుకు చెక్కుచెదరలేదు? వ, ర, ద. ఒక్క గుణింతం గుర్తు కూడా లేని మాట. పడవ కూడా అంతే. మా పోస్టర్లో మొనగాడైన మాట తలకట్టు తప్ప ఏమీ లేనందుకు గెలిచింది.

సరిచేయడం తేలికే. ఖాళీల దగ్గర మాత్రమే విడగొట్టమని చెప్తే చాలు, ఒక్క లైను మార్పు. మార్చాం. పోడు తిరిగొచ్చింది. కానీ పోడు, పోడుకు, పోడులో, పోడుభూమి, పోడేసుకున్నం, ఇలా పది వేషాల్లో వచ్చింది. ఇంగ్లీషులో అయితే ఒకటో రెండో తోకలు కత్తిరిస్తే అసలు మాట దొరుకుతుంది. మన దగ్గర మాట కింద మాట అతుక్కుంటుంది, సంధిలో మొదటి మాట తోక పోతుంది, రెండో మాట తల మారుతుంది. “గోదారొచ్చింది” అన్న దాంట్లో గోదారి ఉందని మనకు తెలుసు, యంత్రానికి తెలియదు. పెద్ద సాఫ్ట్‌వేర్లు కూడా ఇక్కడ మనకి పెద్దగా ఆదుకోవు. ఎన్‌వివోలో ఒక మాటకున్న రూపాలన్నీ కలిపి వెతికే సదుపాయం కొన్ని భాషలకే ఉంది, ఆ జాబితాలో తెలుగు లేదు.

ఇంకో సిగ్గుచేటు సంగతి ఈ మార్పు తర్వాతే బయటపడింది. “వరద” అన్న మాట ఎవరెవరు అన్నారో చూశాం. చాలా వరకు మేమే! “వరద సమయంలో మీరు ఎక్కడ ఉన్నారు?”, “వరద తర్వాత సహాయం అందిందా?” మా ప్రశ్నల కాగితం నిండా అదే. జవాబు చెప్పినవాళ్ళు “గోదారొచ్చింది” అన్నారు, “నీళ్ళొచ్చినయ్” అన్నారు, “ఇల్లు మునిగింది” అన్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, మా పోస్టర్లో అడిగినవాళ్ళకి చెప్పినవాళ్ళు లోకువైపోయారు. వాళ్ళ మాటలు మాయమై మా మాట నడిమధ్యలో కూర్చుంది.

అందుకే నా మొదటి అభిప్రాయం: ఇరవై ముప్పై ఇంటర్వ్యూలున్న పనికి లెక్కపెట్టే యంత్రం వద్దు, చదివించే యంత్రం కావాలి. వాక్యాన్ని దాని ముందు వెనుకలతో సహా కళ్ళముందు ఉంచేది, నేను గీత గీసిన చోట నేను పెట్టిన పేరును గుర్తుపెట్టుకునేది. అంతకన్నా అది ఏం చేసినా అదనమే.

ఇక టైపింగ్. సాఫ్ట్‌వేర్ ఎంపిక కన్నా దీని మీద ఎక్కువ కొట్టుకోవాల్సింది, మేం తక్కువ కొట్టుకున్నాం. ఐదుగురం పంచుకుని టైప్ చేశాం. ఒకరు “నీళ్లు”, ఒకరు “నీళ్ళు”, ఒకరు “నీల్లు”. వెతికితే మూడూ మూడు మాటలు. కీబోర్డును బట్టి కొన్ని ఇంగ్లీషు మాటల మధ్యలో కంటికి కనపడని ఒక అక్షరం దూరుతుంది. పొల్లు తర్వాత ఒత్తు పడకుండా ఆపేది అదే. స్క్రీన్ మీద రెండు మాటలూ ఒకేలా ఉంటాయి, వెతుకులాటలో మాత్రం ఒకటే దొరుకుతుంది. వీటికైనా మందుంది, కూర్చుని సరిచేసుకోవచ్చు. మందులేనిది ఇంకోటి ఉంది.

మా టీమ్‌లో భీమవరం అమ్మాయి ఉంది. తెలుగులో మా అందరికన్నా చక్కగా రాస్తుంది. ఈ పత్రికలో ఆమె కథలు మీరు చదివే ఉంటారు. తను టైప్ చేసిన ఇంటర్వ్యూలు చదువుతుంటే నాకు మా ఊరివాళ్ళు టీవీ వార్తలు చదువుతున్నట్టు అనిపించింది. ఒకాయన “కాయితం లేకపాయె, ఏం జేస్తం” అన్నాడు. ఆమె “పత్రాలు లేవు, ఏమీ చేయలేకపోయాం” అని రాసింది. అర్థం ఎక్కడా తప్పలేదు. కానీ ఆ “లేకపాయె”లో ఒక నిట్టూర్పు ఉంది, పత్రాలు లేవులో అది లేదు. పైగా ఆయన చెప్పింది అయిపోయిన సంగతి కాదు, ఇప్పటికీ ఏం చేస్తాం అన్నాడు. తన తప్పేం కాదు, మేమే ముందు అనుకోలేదు, ఎలా వింటే అలా రాయాలని. మళ్ళీ మొదటి నుంచీ విని ఆ నాలుగు ఇంటర్వ్యూలూ తిరగ రాశాం. ఈసారి తను రికార్డింగ్ వింటుంటే నేను పక్కన కూర్చున్నాను. “యాడికి” అంటే ఎక్కడికా, ఎందుకా అని నన్నడిగింది.

మాటని తనంతట తాను అక్షరాల్లోకి మార్చే టూల్స్ కూడా ఒకసారి చూశాం. మా సొంత గొంతులతో మాట్లాడి పెట్టాం, ఊరివాళ్ళ రికార్డింగులు పెట్టలేదు. తెలుగు పరవాలేదు అనిపించింది, నేను మా ఊరి యాసలో మాట్లాడినప్పుడు మాత్రం సగం దిద్దేసింది. కోయ భాష సంగతి అసలు ఎత్తక్కర్లేదు. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ వాళ్ళు ఎంతో పని చేస్తున్నారు, అయితే వాళ్ళ పని ఎక్కువగా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల చుట్టూ నడుస్తుంది. కోయ ఆ షెడ్యూల్‌లో లేదు. మాతో మాట్లాడినవాళ్ళలో ముగ్గురు సగం కోయలోనే మాట్లాడారు. వాటిని విని చెప్పింది నా ఇంటర్ క్లాస్‌మేట్ ఒకడు. ఏ డెమో వీడియోలోనూ వాడిలాంటి ఫీచర్ నాకు కనపడలేదు.

మనుషుల మాటల్ని వాళ్ళ మాటల్లోనే నిలబెట్టడం మన దగ్గర కొత్తేం కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళతో మాట్లాడి, రికార్డు చేసి, స్త్రీ శక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకం తెచ్చింది. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న సాఫ్ట్‌వేర్లలో ఒక్కటీ వాళ్ళ చేతిలో లేదు. ఎవరైనా మా ప్యానెల్‌లాగా “ఏ టూల్ వాడారు?” అని వాళ్ళని అడిగి ఉంటే ఏమనేవారో!

పేర్లు పెట్టడం దగ్గర జరిగిన ఒక చిన్న విషయం చెప్తాను. ఒక పెద్దాయన అన్న మాట: “గోదారొస్తదని చెప్పిన్రు. యాడికి పోవాల్నో చెప్పలే.” మా వాడు దీనికి “ముందస్తు హెచ్చరిక అందింది” అని పేరు పెట్టాడు. తప్పని ఎలా అంటాం? అందింది కదా. ఇలాగే పందొమ్మిది ఇంటర్వ్యూలూ చేసుకుంటూ పోతే చివర్న “ఎక్కువమందికి హెచ్చరిక అందింది” అని రిపోర్టులో వస్తుంది, బాగానే ఉంటుంది. రెండో వాక్యం ఎక్కడికి పోయినట్టు? అదే సంగతి రాత్రి మెస్‌లో పెట్టి గంటన్నర వాదించుకున్నాం. చివరికి ఆ పెద్దాయన మాటనే పేరుగా పెట్టాం: “యాడికి పోవాల్నో”. మాట్లాడిన మనిషి సొంత మాటనే లేబుల్‌గా వాడే ఈ పద్ధతికి ఇన్ వివో కోడ్ అని పేరుందని తర్వాత తెలిసింది. అది పెట్టాక ఇంకో ఆరుగురు వేరే వేరే మాటల్లో ఇదే చెప్పారని కనపడింది. అప్పటిదాకా ఆ ఆరూ ఆరు వేరే లేబుళ్ళ కింద దాక్కుని ఉన్నాయి. ఈ పని ఏ సాఫ్ట్‌వేరూ చేసిపెట్టలేదు. లేబుల్ పేరు మార్చగానే అన్నిచోట్లా మారడం, ఆ ఏడు వాక్యాల్నీ ఒకదాని కింద ఒకటి చూపించడం మాత్రం అది చేసింది. అది చిన్న సాయం కాదు. కాగితాల మీద చేసుంటే ఆ రాత్రే అందరం మంచాలెక్కేవాళ్ళం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఊళ్ళ పేర్లు ఎందుకు రాయలేదో కూడా ఇక్కడే ఉంది.

ఒక పెద్దమ్మ మాతో గంట మాట్లాడింది. గోదారి గురించి, కొట్టుకుపోయిన మేకల గురించి, ఆ తర్వాత పోడు గురించి. మాటల్లో మాటగా, ఆ చెలక ఎప్పుడు కొట్టుకున్నారో చెప్పింది. ఏడాది చెప్పలేదు, ఇంట్లో ఫలానా బిడ్డ పుట్టిన ఏడు అంది. ఆ బిడ్డ ఎదురుగానే ఉన్నాడు, వయసు అడిగితే తెలిసిపోతుంది. మాకు అది మామూలు మాట. 2006 అటవీ హక్కుల చట్టం కింద మాత్రం మామూలు మాట కాదు. 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి సాగులో ఉన్న భూమికే హక్కు. 2023 జూన్ 30న రాష్ట్రంలో పోడు పట్టాలివ్వడం మొదలుపెట్టి సుమారు నాలుగు లక్షల ఎకరాలకు ఇచ్చారు. వచ్చినవాళ్ళున్నారు, రానివాళ్ళున్నారు, ఇంకా తిరుగుతున్నవాళ్ళున్నారు. అలాంటి చోట “బిడ్డ పుట్టిన ఏడు” అన్న ఒక్క మాట ఒక కుటుంబం భూమిని నిలబెట్టగలదు, పడగొట్టగలదు. లేచి వస్తుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని, “ఆ ముచ్చట రాయకు బిడ్డా” అంది. ఫోన్ అప్పటికే జేబులో ఉంది. అది ఇంకా రికార్డు చేస్తూనే ఉంది.

ఆ ఫైలు ఎక్కడుండాలి? నా దృష్టిలో సాఫ్ట్‌వేర్ ఎంపికలో మొదటి ప్రశ్న ఇదే కావాలి. మేం మూడు వారాల వాదనలో ఒక్కసారి కూడా అడగని ప్రశ్న కూడా ఇదే. ఫీచర్ల పట్టికలు రాసుకున్నాం, రంగులు బాగున్నాయా చూశాం. టీమంతా ఒకేసారి పని చేయొచ్చని వెబ్‌లో నడిచే టూల్ ఒకటి దాదాపు ఖాయం చేసుకున్నాం. వెబ్‌లో నడుస్తుందంటే ఆ పెద్దమ్మ మాట మనకు తెలియని ఏదో సర్వర్‌లో ఉంటుందని అర్థం. ఇంకా హాయిగా, ఇంటర్వ్యూలన్నీ ఏఐ చాట్‌బాట్‌లో వేసి “ముఖ్యాంశాలు చెప్పు” అనేవాళ్ళు మన క్యాంపస్‌లో ఎంతమందో మీకు తెలుసు, నాకూ తెలుసు. మా వాళ్ళలో ఒకరు ఊరూ పేరూ లేకుండా నాలుగు పేరాలు మార్చి రాసి చూశారు. “ప్రభుత్వ సహాయంలో జాప్యం”, “జీవనోపాధి నష్టం”, “సమాజ ఐక్యత” అని వచ్చింది. చక్కగా ఉంది, ఏ ఊరికైనా సరిపోతుంది. అదే నా అభ్యంతరం కూడా. అయితే అది సరిగ్గా చెప్పినా నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. ఆమె ఆ మాట చెప్పింది నాకు. నేను ఎవరి మనవణ్ణో తెలుసు కాబట్టి చెప్పింది.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది, చెప్పకపోతే అన్యాయం. 1940లలో హైమెన్‌డార్ఫ్ ఈ గోదావరి అడవుల్లో తిరిగి కొండరెడ్ల మీద రాసిన పుస్తకం 1945లో వచ్చింది. ఆయన కాగితాలు, ఫోటోలు ఇప్పుడు లండన్‌లో, సోయాస్‌లో ఉన్నాయి. మన కొండల మాటలు అంత దూరంలో ఉన్నాయే అని నాకు మొదట కోపం వచ్చింది. అదే మనిషి నిజాం ప్రభుత్వంలో పనిచేస్తూ ఆదిలాబాద్ గోండులకు భూమి పట్టాలు ఇప్పించడంలో ముందున్నాడు. రాసిపెట్టినందువల్ల భూమి వచ్చినవాళ్ళూ ఉన్నారు మరి. కాబట్టి అసలు రాయొద్దు, రికార్డు చేయొద్దు అని నేననను. ఎవరి చేతిలో ఉంది, ఎవరు తీసేయమంటే తీసేయగలం అన్నది తేల్చుకోకుండా మొదలుపెట్టొద్దంటాను.

అలా చూసినప్పుడు మా ఎంపిక ఒక పూటలో అయిపోయింది. మొదట టాగెట్ తీసుకున్నాం. రెమీ రాంపిన్, విక్కీ రాంపిన్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. వెబ్‌లోనూ వాడుకోవచ్చు, మన కంప్యూటర్‌లోనే పెట్టుకుని ఇంటర్నెట్ లేకుండానూ నడుపుకోవచ్చు. మేం రెండోదే చేశాం. ఫైళ్ళు లోపలికి తీసుకోవడానికి కాలిబర్ అనే ఈ-పుస్తకాల ప్రోగ్రామ్ కూడా వేసుకోవాలి, అది తెలియక ఒక సాయంత్రం పోయింది. గీత గీసి పేరు పెట్టడం వరకు పది నిమిషాల్లో ఎవరికైనా వచ్చేస్తుంది. తెలుగు అక్షరాలు శుభ్రంగా కనపడ్డాయి. కానీ “భయం, పోడు రెండు పేర్లూ పడ్డ చోట్లు చూపించు” లాంటి ప్రశ్నలు వచ్చేసరికి అది చాలలేదు. అప్పుడు క్వాల్‌కోడర్‌కి మారాం. కాలిన్ కర్టెన్ పైథాన్‌లో రాస్తున్న ఉచిత సాఫ్ట్‌వేర్. ప్రాజెక్టంతా ఒక ఫోల్డర్, లోపల ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేస్. డీబీఎంఎస్ ల్యాబ్‌లో కూర్చున్నవాళ్ళు ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. ఇద్దరు ఒకే ఇంటర్వ్యూకి విడివిడిగా పేర్లు పెట్టి ఎక్కడ తేడా పడ్డారో పోల్చుకోవచ్చు. “యాడికి పోవాల్నో” లాంటి వాదనలు మాకు ఇంకో నాలుగు దొరికింది అక్కడే. కొత్త వెర్షన్లలో ఏఐ కూడా ఉంది, అది ఆపేసి పెట్టుకున్నాం. చూడ్డానికి మొరటుగా ఉంటుంది. అప్పుడప్పుడు ఏ బటన్ ఎందుకుందో అర్థం కాదు. పోనీ.

ఉచితం కదా అని గుడ్డిగా నమ్మమని కూడా చెప్పను. ఆర్‌లో పనిచేసే ఆర్‌క్యూడీఏ అని ఒకటి ఉండేది, చాలామంది పరిశోధకులు వాడారు. దాని కిటికీలు గీసే లైబ్రరీ మూలపడేసరికి ఇదీ మూలపడింది. అందుకే పని బయటకు తీసుకునే దారి ఉందో లేదో చూసుకోవాలి. రెఫీ క్యూడీఏ అని 2019 నుంచి ఒక ఉమ్మడి ఫార్మాట్ ఉంది. ఎన్‌వివో, అట్లాస్ టీఐ, మాక్స్‌క్యూడీఏ, క్వాల్‌కోడర్ ఇవన్నీ ఒకదాని ప్రాజెక్ట్ ఇంకోదాంట్లో తెరుచుకునేందుకు పెట్టుకున్న ఒప్పందం అది. పూర్తిగా అన్నీ రావు గానీ మాటలూ వాటి పేర్లూ వస్తాయి.

మా ఎన్‌వివో వాడు ఇప్పటికీ నాతో ఏకీభవించడు. ఉద్యోగ ప్రకటనల్లో ఎన్‌వివో తెలిసినవాళ్ళు కావాలని ఉంటుంది, నీ క్వాల్‌కోడర్ పేరు ఎవడు అడుగుతాడు అంటాడు. నిజమే. వందల ఇంటర్వ్యూలు, వీడియోలు, సర్వే లెక్కలు కలిపి చూసే పెద్ద టీమ్‌కి ఆ సాఫ్ట్‌వేర్లు పెట్టిన ఖర్చుకు తగ్గట్టే పనిచేస్తాయి. లైబ్రరీకి లైసెన్స్ ఉన్న కాలేజీలో నేర్చుకోండి, నష్టం లేదు. అవి కూడా ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని నడుపుకోవచ్చు. నేర్చుకోవడానికి మాత్రం పేపర్ కటింగులో, మన హాస్టల్ ఇంటర్వ్యూలో పెట్టుకోండి. ఒకరి భూమిని ట్రయల్ వెర్షన్‌లో పెట్టకండి.

చివరి రివ్యూలో అదే ప్యానెల్ సార్, “మొదట పందొమ్మిది అన్నారు, రిపోర్ట్‌లో పద్దెనిమిదే ఉన్నాయేంటి?” అని అడిగారు. ఒకరు వద్దన్నారు సార్, తీసేశాం అని చెప్పాం. డేటాబేస్‌లోంచి, ఫోన్‌లోంచి, పెన్‌డ్రైవ్‌లోంచి, భీమవరం అమ్మాయి మెయిల్‌లోంచి. అన్నిచోట్లా తీసేయడానికి ఒక మధ్యాహ్నం పట్టింది, ఎందుకంటే ఎన్నిచోట్ల పెట్టామో మాకే గుర్తులేదు. రెండు మార్కులు తగ్గాయో ఏమో తెలియదు. సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ఆ పెద్దమ్మకి చెప్పాను, తీసేశాం అని. “మేకల సంగతి కూడా తీసేసినవా?” అంది. తీసేశామన్నాను. “అది ఉంచొచ్చు కదా” అంది.

తెలుగు టెక్స్ట్ మీద ఎవరైనా పనిచేస్తుంటే మా స్పెల్లింగ్ నియమాల కాగితం, పేర్ల పట్టిక, కౌంట్‌వెక్టరైజర్‌లో మార్చిన ఆ ఒక్క లైను ఇస్తాను, క్లబ్ రూమ్‌లో కలవండి. ఇంటర్వ్యూలు మాత్రం అడగొద్దు.